మిరప చలువ గిడ్డంగుల్లో కంప్రెసర్ల నిర్వహణ, నష్టనివారణ: చందర్లపాడు – నందిగామ మెట్ట ప్రాంత నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

కృష్ణానది ఎడమగట్టున ఉన్న చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో మిరప ప్రధానమైన వాణిజ్యపంటల్లో ఒకటి. కోత ముగిసిన తరువాత ధర కోసం వేచి చూసే రైతుకు చలువ గిడ్డంగి ఆధారం. ఆ గిడ్డంగికి ప్రాణం కంప్రెసర్. కంప్రెసర్ ఎలా పనిచేస్తుంది, ఏయే కారణాల వల్ల దెబ్బతింటుంది, ఆ నష్టాన్ని ముందుగా ఎలా గుర్తించి నివారించవచ్చు అన్న అంశాలను వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. యంత్రం గురించి వాడుకలో ఉన్న తెలుగు మాటలు నిర్వహణను ఎలా ప్రభావితం చేస్తాయో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: కంప్రెసర్, చలువ గిడ్డంగి, మిరప, అమోనియా, కందెన, నిర్వహణ, వృత్తిపదజాలం, చందర్లపాడు.

1. ఉపోద్ఘాతం

చల్లదనం ఒక వస్తువు కాదు. దానిని తయారుచేయడం, మూటకట్టి గదిలో పెట్టడం సాధ్యం కాదు. ఒక చోటి నుండి వేడిని తీసి మరొక చోట వదలడమే శీతలీకరణ. నీరు పల్లానికి పారినట్లు వేడి సహజంగా ఎక్కువ ఉష్ణోగ్రత నుండి తక్కువ ఉష్ణోగ్రత వైపుకే ప్రవహిస్తుంది. మండుటెండలో 5 డిగ్రీల గది నుండి 42 డిగ్రీల బయటిగాలిలోకి వేడిని పంపాలంటే పల్లం నుండి మెరకకు నీరు తోడినట్లు శ్రమ చేయాలి. ఆ శ్రమ చేసే యంత్రమే కంప్రెసర్. దీనికి శాస్త్ర గ్రంథాల్లో ‘సంపీడకం’ అనే పదం ఉన్నప్పటికీ వాడుకలో కంప్రెసర్ అనే మాటే స్థిరపడింది. ఈ వ్యాసంలోనూ ఆ మాటనే గ్రహించడమైనది.

ఆవిరిని నొక్కి చలువ పుట్టించే యంత్రానికి జేకబ్ పెర్కిన్స్ 1834లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. 1870ల్లో జర్మనీకి చెందిన కార్ల్ వాన్ లిండె అమోనియాతో నడిచే కంప్రెసర్‌ను పరిశ్రమకు అనువైన స్థాయికి తెచ్చాడు. అంతకు ముందు చలువ కావాలంటే మంచునే ఓడల్లో తెప్పించుకోవలసి వచ్చేది. అమెరికా నుండి వచ్చిన మంచుగడ్డలను నిల్వచేయడానికి 1842లో కట్టిన మద్రాసులోని ఐస్‌హౌస్ ఆ కాలానికి సాక్ష్యం. నాడు ఖండాంతరాల నుండి వచ్చిన చలువ నేడు మెట్టపల్లెల రైతుకు అందుబాటులోకి వచ్చింది. అయితే అది యంత్రం ఆరోగ్యంగా ఉన్నంత కాలమే.

2. ప్రాంత నేపథ్యం – చలువ అవసరం

చందర్లపాడు మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో, నందిగామ రెవెన్యూ విభాగంలో ఉంది. అంతకు ముందు ఇది కృష్ణా జిల్లాలో భాగం. నల్లరేగడి నేలలు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్యపంటలు. నది దాటితే గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ చలువ గిడ్డంగులు ఉన్నాయి. నందిగామ, జగ్గయ్యపేట పరిసరాల్లోనూ ఇటువంటి గిడ్డంగులు పనిచేస్తున్నాయి.

మిరప కోతలు సాధారణంగా జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. కళ్లాల్లో ఆరబెట్టి, తేమ సుమారు 10–11 శాతానికి తగ్గిన తరువాత కాయలను బస్తాలకు ఎత్తుతారు. అందరి పంట ఒకేసారి మార్కెట్టుకు చేరినప్పుడు ధర పడిపోతుంది. అప్పుడు రైతు ముందు రెండు దారులు ఉంటాయి: అయినకాడికి అమ్ముకోవడం, లేదా గిడ్డంగిలో పెట్టి వేచి ఉండడం. రెండవ దారి పట్టిన రైతు గిడ్డంగి రసీదు మీద అప్పు తెచ్చి తరువాతి పంటకు పెట్టుబడి పెట్టడం కూడా కద్దు. అంటే ఒక ఏడాది కష్టం, మరొక ఏడాది పెట్టుబడి రెండూ ఆ చీకటి గదిలోనే ఉంటాయి.

ఎండుమిరపను సాధారణంగా 4 నుండి 8 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో, 60–70 శాతం గాలి తేమలో నిల్వచేస్తారు. వేడి, వెలుతురు, ప్రాణవాయువు కలిసినప్పుడు మిరపకు ఎరుపునిచ్చే వర్ణద్రవ్యాలు క్షీణిస్తాయి. చల్లదనం ఈ మార్పును నెమ్మదింపజేస్తుంది. పురుగును, బూజును అదుపులో ఉంచుతుంది. గోడలకున్న ఉష్ణనిరోధక పొర వల్లనూ, వేల బస్తాల ద్రవ్యరాశి వల్లనూ యంత్రం కొద్ది గంటలు ఆగినంత మాత్రాన సరుకు చెడిపోదు. కాని గది పదేపదే వేడెక్కి చల్లబడితే బస్తాల మీద చెమ్మ చేరుతుంది. కాయ నల్లబడుతుంది, బూజు పడుతుంది. ఈ నష్టం చప్పుడు చేయదు; సరుకు బయటికి తీసి ధర కట్టే రోజునే రైతుకు తెలుస్తుంది. కంప్రెసర్ నిర్వహణ కేవలం యంత్రశాలకు పరిమితమైన విషయం కాకపోవడానికి ఇదే కారణం.

3. శీతలీకరణ చక్రం – కంప్రెసర్ స్థానం

3.1. నాలుగు దశలు

శీతలీకరణ వ్యవస్థలో శీతలక ద్రవ్యం నాలుగు దశలలో నిరంతరం తిరుగుతూ ఉంటుంది. మొదటి దశలో గదిలోని గొట్టపుచుట్టలలో ద్రవరూప అమోనియా తక్కువ పీడనం వద్ద మరిగి, గదిలోని వేడిని గ్రహించి ఆవిరి అవుతుంది. రెండవ దశలో ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చుకొని అధిక పీడనానికి నొక్కుతుంది. ఆవిరి ఉష్ణోగ్రత కూడా బాగా పెరుగుతుంది. మూడవ దశలో ఆ వేడి ఆవిరి కండెన్సర్‌లో నీటికీ గాలికీ వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. నాలుగవ దశలో ఆ ద్రవం సన్నని వాల్వు గుండా తక్కువ పీడనంలోకి జారి, మళ్ళీ మరగడానికి సిద్ధమవుతుంది.

అమోనియా సాధారణ వాతావరణ పీడనం వద్ద మైనస్ 33 డిగ్రీల వద్దే మరుగుతుంది. పీడనం మారితే మరిగే ఉష్ణోగ్రత మారుతుంది. సుమారు 3.5 బార్ నిరపేక్ష పీడనం వద్ద మైనస్ 5 డిగ్రీలకు, 13.5 బార్ వద్ద 35 డిగ్రీలకు, 17.8 బార్ వద్ద 45 డిగ్రీలకు అది మరుగుతుంది. కనుక పీడనమాపకం చూపే అంకె ఉష్ణోగ్రతకు మరొక రూపం. ఈ సంబంధం తెలిసిన ఆపరేటరుకు యంత్రం లోపల ఏం జరుగుతోందో బయటినుండే అర్థమవుతుంది.

3.2. అమోనియానే ఎందుకు?

అమోనియా చవకగా దొరుకుతుంది. ఒక కిలో ద్రవం ఆవిరి కావడానికి సుమారు 1,260 కిలోజౌళ్ళ వేడిని 0 డిగ్రీల వద్ద గ్రహిస్తుంది. ఓజోన్ పొరకు హాని చేయదు, భూతాపాన్ని పెంచదు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, 2016 నాటి కిగాలీ సవరణల తరువాత అనేక కృత్రిమ శీతలకాలను ప్రపంచం దశలవారీగా తగ్గించుకుంటున్నందున పాతదైన అమోనియాకు కొత్త ప్రాధాన్యం ఏర్పడింది. అయితే ఇది విషవాయువు. రాగినీ, ఇత్తడినీ తినివేస్తుంది. అందుకే అమోనియా వ్యవస్థలో గొట్టాలన్నీ ఉక్కువే. విద్యుత్ మోటారులోని రాగి చుట్టలు వాయువును తాకకుండా మోటారును బయట పెట్టి, బెల్టుతో గాని కప్లింగుతో గాని కంప్రెసర్‌ను తిప్పుతారు.

4. కంప్రెసర్ దెబ్బతినడానికి కారణాలు

కంప్రెసర్ విప్పి చూసినప్పుడు విరిగిన వాల్వు పలక, అరిగిన బేరింగు, గీతలు పడిన సిలిండర్ కనిపిస్తాయి. అవి ఫలితాలే గాని కారణాలు కావు. కారణాలు చాలావరకు కంప్రెసర్‌కు వెలుపల, మిగిలిన వ్యవస్థలో ఉంటాయి. విరిగిన భాగాన్ని మార్చి కారణాన్ని వదిలిపెడితే కొత్త భాగం కూడా అదే దారిన పోతుంది. ఈ కారణాలను ఐదు వర్గాలుగా విభజించవచ్చు.

4.1. ద్రవం తిరిగి రావడం

కంప్రెసర్ ఆవిరిని నొక్కడానికి నిర్మించిన యంత్రం. ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది, ద్రవం కుదించుకుపోదు. నిమిషానికి 750 చుట్లు తిరిగే కంప్రెసర్‌లో పిస్టన్ సెకనుకు పన్నెండుసార్లకు పైగా పైకి లేస్తుంది. ఆ సమయంలో సిలిండర్‌లో ద్రవం ఉంటే పిస్టన్ దానిని సుత్తిలా కొడుతుంది. అమోనియా కంప్రెసర్లలో వాల్వు భాగం పైన బలమైన స్ప్రింగు అమర్చి, ఇటువంటి దెబ్బ తగిలినప్పుడు అది కొద్దిగా పైకి లేచే ఏర్పాటు చేస్తారు. అయితే అది ఆపద్ధర్మమే. దెబ్బలు కొనసాగితే వాల్వు పలకలు, కనెక్టింగు రాడ్లు విరుగుతాయి.

మిరప గిడ్డంగిలో ఈ ప్రమాదానికి ఋతుసంబంధమైన కారణం ఒకటి ఉంది. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు వేడి బస్తాలు నిత్యం లోపలికి వస్తున్నప్పుడు యంత్రంపై భారం అధికంగా ఉంటుంది. గది నిండి, సరుకు చల్లబడిన తరువాత ఆ భారం బాగా తగ్గుతుంది. అప్పుడు కూడా ద్రవాన్ని మునుపటిలాగే వదిలితే గొట్టాల్లో అది పూర్తిగా మరగక కంప్రెసర్ వైపు వస్తుంది. కాబట్టి భారం తగ్గినప్పుడు కొన్ని సిలిండర్లను నిర్భారం చేయడం, నడిచే యంత్రాల సంఖ్య తగ్గించడం, వాల్వు సర్దుబాటు సరిచూడడం అవసరం.

ద్రవం వస్తున్నదనడానికి గుర్తులు స్పష్టంగా ఉంటాయి. పీల్చుగొట్టం మీది మంచు కంప్రెసర్ ఒడలి మీదికి పాకుతుంది. డిశ్చార్జి గొట్టం వేడి హఠాత్తుగా తగ్గుతుంది. నూనె నురగలు కడుతుంది. లోపల టకటక చప్పుడు వినిపిస్తుంది. కంప్రెసర్ మీద మంచు పట్టడాన్ని ‘మంచి చలువ’కు చిహ్నంగా భావించడం పొరపాటు, అది ప్రమాదసూచన. యంత్రాన్ని ఆపి మళ్ళీ ప్రారంభించేటప్పుడు పీల్చువాల్వును ఒక్కసారిగా తెరవక, చెవితో చప్పుడు వింటూ మెల్లమెల్లగా తెరవాలన్న నియమం ఇందుకే ఏర్పడింది.

4.2. కందెన లోపం

ఖనిజనూనె అమోనియాలో కరగదు. పైగా ద్రవ అమోనియా కంటే బరువైనది. కంప్రెసర్ నుండి ఆవిరితో పాటు కొంత నూనె బయటికి పోతూనే ఉంటుంది. నూనె వేరుచేసే పాత్ర చాలావరకు పట్టుకొన్నా మిగిలినది కండెన్సర్, రిసీవర్, గొట్టపుచుట్టల అడుగుకు చేరి నిలిచిపోతుంది. అక్కడ అది వేడి ప్రసారాన్ని అడ్డుకుంటుంది. ఇక్కడ కంప్రెసర్‌లో నూనెమట్టం తగ్గుతుంది. కాబట్టి పోసిన నూనెకూ, అడుగుపాత్రల నుండి తీసిన నూనెకూ లెక్క ఉండాలి. పోయడమే గాని తీయడం లేదంటే ఆ నూనె వ్యవస్థలో ఎక్కడో పేరుకుంటున్నదని అర్థం.

నూనె పీడనమాపకం చదవడంలో ఒక మెలకువ ఉంది. నూనె పంపు కంప్రెసర్ లోపలి పీడనం నుండి నూనెను తోడుతుంది. కాబట్టి మాపకం చూపే అంకె నుండి పీల్చు పీడనాన్ని తీసివేస్తేనే అసలు నూనె పీడనం తెలుస్తుంది. మాపకం 5 బార్ చూపినా పీల్చు పీడనం 3 బార్ ఉంటే బేరింగులకు అందుతున్నది 2 బార్ మాత్రమే. ఈ భేదం తయారీదారు చెప్పిన హద్దుకు తగ్గితే 60 నుండి 120 సెకన్లలో యంత్రాన్ని ఆపే రక్షణ స్విచ్ ఉంటుంది. అది పదేపదే యంత్రాన్ని ఆపుతున్నదని తీగ కలిపి దానిని పనిచేయకుండా చేయడం, కావలికుక్క మొరుగుతున్నదని దాని నోరు కట్టివేయడం వంటిదే.

4.3. అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత

ఈ ప్రాంత పరిస్థితికి అన్నింటికంటే దగ్గరైన కారణం ఇది. జగ్గయ్యపేట పరిసరాలు సున్నపురాయి నిక్షేపాలకు, వాటిపై ఆధారపడిన సిమెంటు కర్మాగారాలకు ప్రసిద్ధం. సున్నపురాయి పొరల గుండా వచ్చే బోరునీటిలో కఠినత్వం ఎక్కువగా ఉండడం సహజం. కండెన్సర్ గొట్టాలపై పోసిన నీటిలో కొంత ఆవిరై పోయినప్పుడు లవణాలు మిగిలి తెల్లటి సున్నపుపొరగా పేరుకుంటాయి. ఈ పొర ఉక్కుతో పోలిస్తే పదుల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. వేడి బయటికి పోవడం కష్టమయ్యే కొద్దీ కండెన్సర్‌లో పీడనం పెరుగుతుంది.

దీని ప్రభావాన్ని అంకెల్లో చూడవచ్చు. ఆవిరి మైనస్ 5 డిగ్రీల వద్ద పుడుతున్నదనుకుందాం. కండెన్సర్‌లో అది 35 డిగ్రీల వద్ద ద్రవీభవిస్తే కంప్రెసర్ పీడనాన్ని 3.8 రెట్లు పెంచాలి. అదే 45 డిగ్రీలైతే 5 రెట్లు పెంచాలి. ద్రవీభవన ఉష్ణోగ్రత ఒక్కొక్క డిగ్రీ పెరిగే కొద్దీ విద్యుత్ ఖర్చు సుమారు 2 నుండి 3 శాతం పెరుగుతుందని అనుభవసూత్రం. పది డిగ్రీల తేడా అంటే బిల్లులో నాలుగోవంతు వరకు అదనం.

విద్యుత్ ఖర్చు కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. నొక్కినప్పుడు అమోనియా ఇతర శీతలకాల కంటే ఎక్కువగా వేడెక్కుతుంది. అందుకే సిలిండర్ల చుట్టూ, తలల మీదుగా నీటిని తిప్పే ఏర్పాటు ఉంటుంది. డిశ్చార్జి ఉష్ణోగ్రత 120–130 డిగ్రీలు దాటిన కొద్దీ నూనె పలుచబడి, మాడి, వాల్వుల మీద బొగ్గులా పేరుకుంటుంది. వాల్వు సరిగా మూసుకోదు. నొక్కిన వేడి ఆవిరి వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కబడుతుంది. వేడి ఇంకా పెరుగుతుంది. ఈ విషవలయం మొదలైన తరువాత సిలిండర్ గీతలు పడడం ఎంతో దూరం ఉండదు. మే నెల ఎండల్లో కంప్రెసర్ దెబ్బతిన్నప్పుడు నింద ఎండకు పోతుంది. కాని నిజమైన కారణం నెలల తరబడి గొట్టాల మీద పేరుకున్న సున్నం కావచ్చు.

నివారణ కష్టమైనది కాదు. తొట్టిలోని నీటిని క్రమం తప్పకుండా కొంత వదిలి కొత్త నీరు నింపాలి. నీటి కఠినత్వాన్ని పరీక్షించి శుద్ధి చేయాలి. సరుకు రాకముందే, అంటే జనవరిలోపే, గొట్టాల మీది పొరను తొలగించాలి. ఆమ్లంతో కడిగే పనిని లోహం తినకుండా కాపాడే ద్రవ్యంతో కలిపి, నిపుణుల చేతనే చేయించాలి.

4.4. గాలి, తేమ, మురికి

మరమ్మతు కోసం యంత్రాన్ని విప్పినప్పుడు, నూనె పోసినప్పుడు, లోపలి గాలిని పూర్తిగా తీయకుండా అమోనియా నింపినప్పుడు వ్యవస్థలోకి గాలి చేరుతుంది. అది ద్రవంగా మారదు. కండెన్సర్‌లో చోటు ఆక్రమించి పీడనం పెంచుతుంది. దీనిని గుర్తించే మార్గం సులభం. కంప్రెసర్‌ను ఆపి, ద్రవీభవించిన అమోనియా ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతకు సమానమయ్యేవరకు కండెన్సర్‌పై నీటిని నడపాలి. అప్పుడు ఉష్ణోగ్రత 35 డిగ్రీలైతే మాపకం సుమారు 12.5 బార్ చూపాలి. అంతకంటే ఎక్కువ చూపితే ఆ అదనం గాలిదే. గాలిని వదిలే గొట్టపు కొసను నీళ్ళలో ముంచితే అమోనియా నీటిలో కరిగిపోతుంది. పైకి వచ్చే బుడగలు గాలివి. బుడగలు ఆగినప్పుడు వాల్వు మూసివేయాలి.

గొట్టాలను అతికినప్పుడు మిగిలిన లోహపు రజను, తుప్పు, పొలుసులు పీల్చుగొట్టం జల్లెడను దాటితే బేరింగులకు, వాల్వులకు చేటు. కొత్త నిర్మాణం తరువాత, పెద్ద మరమ్మతు తరువాత మొదటి వారాల్లో జల్లెడలను తరచుగా శుభ్రం చేయాలి.

4.5. విద్యుత్తు

మూడు ఫేజుల మోటారుకు మూడింటిలోనూ ఓల్టేజి సమానంగా ఉండాలి. ఒక ఫేజులో 410, ఒకదానిలో 400, మరొకదానిలో 390 ఓల్టులు ఉన్నాయనుకుందాం. సగటు 400, తేడా 10, అసమానత 2.5 శాతం. ఈ శాతాన్ని వర్గం చేసి రెండుతో గుణిస్తే మోటారు చుట్టల వేడి ఎంత శాతం అదనంగా పెరుగుతుందో తెలుస్తుంది. ఇక్కడ అది సుమారు 12 శాతం. చుట్టల ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలకు వాటిపై పూత ఆయుస్సు సగమవుతుందని మరొక అనుభవసూత్రం. ఒక ఫేజు పూర్తిగా పోతే మిగిలిన రెండింటిలో ప్రవాహం సుమారు 1.7 రెట్లు పెరిగి మోటారు నిమిషాల్లో కాలిపోవచ్చు. ఫేజు రక్షణ రిలే, సరిగా అమర్చిన ఓవర్‌లోడ్ రిలే తప్పనిసరి. కరెంటు పోయి వచ్చినప్పుడు వెంటనే యంత్రాన్ని ప్రారంభించరాదు. రెండు వైపుల పీడనాలు, నూనెమట్టం చూసి, భారం లేకుండా మొదలుపెట్టాలి.

5. నిర్వహణ క్రమం

5.1. రోజువారీ

ప్రతి రెండు గంటలకు పీల్చు పీడనం, డిశ్చార్జి పీడనం, డిశ్చార్జి ఉష్ణోగ్రత, నూనె పీడనం, నూనెమట్టం, మోటారు ఆంపియర్లు, గది ఉష్ణోగ్రత, కండెన్సర్ నీటి ఉష్ణోగ్రత లాగ్‌పుస్తకంలో నమోదు చేయాలి. షాఫ్ట్ సీలు వద్ద నూనె చెమ్మ, అమోనియా వాసన ఉన్నాయేమో చూడాలి. చప్పుడులో, కంపనంలో మార్పును గమనించాలి.

5.2. వారం, నెలవారీ

బెల్టుల బిగువు, కప్లింగు వరస సరిచూడాలి. అడుగుపాత్రల నుండి నూనె తీసి కొలిచి రాయాలి. ఈ పని చేసేటప్పుడు మనిషి వదిలివేయగానే దానంతట అదే మూసుకునే వాల్వు ఉండాలి. పనివాడు అక్కడి నుండి కదలరాదు. రక్షణ స్విచ్‌లు నిజంగా యంత్రాన్ని ఆపుతున్నాయో లేదో పరీక్షించాలి.

5.3. సంవత్సరం వారీ

తయారీదారు సూచించిన నడక గంటల ప్రకారం వాల్వు పలకలు, పిస్టన్ రింగులు, బేరింగులు పరిశీలించి మార్చాలి. నూనె, నూనె జల్లెడ మార్చాలి. సేఫ్టీవాల్వులను పరీక్షింపజేయాలి. మిరప గిడ్డంగికి ఈ పనులకు అనువైన కాలం పాత సరుకు ఖాళీ అయ్యి కొత్త సరుకు రాని డిసెంబరు, జనవరి రోజులు.

5.4. లాగ్‌పుస్తకం విలువ

ఒక్క రోజు అంకె ఒంటరిగా పెద్దగా ఏమీ చెప్పదు. అంకెల వరుస చెబుతుంది. అదే నీటి ఉష్ణోగ్రతకు డిశ్చార్జి పీడనం నెలనెలా కొద్దికొద్దిగా పెరుగుతుంటే సున్నం పేరుకుంటున్నది. మరమ్మతు జరిగిన మరునాటి నుండి ఒక్కసారిగా పెరిగితే గాలి చేరింది. పీల్చు పీడనం పెరిగి, డిశ్చార్జి పీడనం తగ్గి, గది చల్లబడకపోతే వాల్వు కారుతున్నది. చూడకుండానే నింపిన లాగ్‌పుస్తకంలో అన్ని గడుల్లోనూ ఒకే అంకె ఉంటుంది. అటువంటి పుస్తకం ఖాళీ పుస్తకం కంటే ప్రమాదకరం. ఎందుకంటే అది అంతా బాగున్నదని నమ్మిస్తుంది.

6. కార్మిక భద్రత

యంత్రానికి జరిగే నష్టం డబ్బుతో తీరుతుంది. అమోనియా వల్ల మనిషికి జరిగే నష్టం తీరదు. ఎనిమిది గంటల పనిలో గాలిలో అమోనియా సగటున 25 పి.పి.ఎం. మించరాదని ప్రమాణాలు చెబుతాయి. 300 పి.పి.ఎం. తక్షణ ప్రాణాపాయ స్థాయి. గాలిలో సుమారు 15 నుండి 28 శాతం చేరితే అది మండుతుంది కూడా. అమోనియా ఆవిరి గాలి కంటే తేలికైనా, ద్రవం కారినప్పుడు గాలిలోని తేమతో కలిసి తెల్లని మంచుపొగలా నేలబారుగా వ్యాపించగలదు. అందువల్ల యంత్రశాలకు రెండు ద్వారాలు, బయటి నుండి ఆపగల స్విచ్, గాలిదిశ చూపే జెండా, శ్వాస పరికరాలు, కళ్ళు కడుక్కొనే నీటి ఏర్పాటు ఉండాలి. కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు ధారాళంగా నీటితో కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. కారి నిలిచిన ద్రవ అమోనియా మీద నేరుగా నీరు పోస్తే అది మరింత వేగంగా ఆవిరి అవుతుంది. నీటితెరను ఆవిరి మీదికే ప్రయోగించాలి.

చలువ, ఉష్ణోగ్రత నియంత్రణల వైఫల్యం ప్రాణాల మీదికి తెస్తుందనడానికి ఆంధ్రప్రదేశ్‌లోనే విషాదోదాహరణ ఉంది. 2020 మే 7న విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో నిల్వట్యాంకు వేడెక్కి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించారు. అక్కడి రసాయనం వేరు, పరిశ్రమ వేరు. కాని ఉష్ణోగ్రతను సరిగా గమనించకపోవడం, చలువ వ్యవస్థను నిరంతరం కాపాడకపోవడం ఎంతటి ప్రమాదానికి దారితీస్తాయో ఆ ఘటన తెలియజేసింది.

7. పాల శీతలీకరణ యూనిట్లు – చిన్న కంప్రెసర్లు

మెట్ట పల్లెల్లో పంటతో పాటు పాడి కూడా జీవనాధారం. పితికిన పాలను సుమారు 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు మూడు, నాలుగు గంటల్లోపు చల్లబరచాలి. ఆలస్యమైతే సూక్ష్మజీవులు పెరిగి పాలు విరుగుతాయి. గ్రామస్థాయి పాల శీతలీకరణ ట్యాంకులకు అమర్చే కంప్రెసర్లు సాధారణంగా మూసిన డబ్బా రకానివి. మోటారు కూడా శీతలకంతో పాటు లోపలే ఉంటుంది. వీటికి మూడు జాగ్రత్తలు ముఖ్యం.

మొదటిది, ఈ శీతలకాలు నూనెలో కరుగుతాయి. యంత్రం ఆగి ఉన్నప్పుడు శీతలకం నూనెలోకి చేరి, ప్రారంభించగానే నురగగా లేచి బేరింగులను పొడిబారుస్తుంది. అడుగున ఉండే హీటరు పనిచేయాలి. కరెంటు చాలాకాలం లేకపోతే హీటరును కొన్ని గంటలు నడిపిన తరువాతే కంప్రెసర్‌ను ప్రారంభించాలి. రెండవది, ఆగిన వెంటనే మళ్ళీ నడపకుండా కనీసం మూడు నిమిషాలు వ్యవధినిచ్చే టైమరు ఉండాలి. మూడవది, మోటారు కాలినప్పుడు నూనెలో ఆమ్లం పుడుతుంది. గొట్టాలను శుభ్రపరచి, తేమను పీల్చే ఫిల్టరును మార్చకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే ఆ ఆమ్లం దానిని కూడా కాల్చివేస్తుంది.

8. భాష – నిర్వహణలో భాగం

యంత్రం గురించి మాట్లాడే మాట యంత్రాన్ని చూసే చూపును నిర్ణయిస్తుంది. వాడుకలోని కొన్ని పదబంధాలను పరిశీలిస్తే ఇది బోధపడుతుంది.

‘గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి’ అనడం సర్వసాధారణం. అయిపోవడం అనే క్రియ వాడుకొనే కొద్దీ తరిగే వంటగ్యాసుకు, పెట్రోలుకు వర్తిస్తుంది. శీతలక ద్రవ్యం మూసిన చక్రంలో తిరుగుతుంది, ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. ‘అయిపోయింది’ అన్న మాట కారుతున్న చోటును వెతకవలసిన అవసరాన్ని మరుగుపరుస్తుంది.

‘ఆయిల్ తాగుతోంది’ అనే మాట కూడా అటువంటిదే. కంప్రెసర్ నూనెను తాగదు. మరొక చోటికి పంపుతుంది. తాగిందనుకుంటే మరికొంత పోస్తారు. పంపిందనుకుంటే ఎక్కడికి చేరిందో వెతుకుతారు. ‘కాలిపోయింది’ అనే మాట అంతిమస్థితిని చెబుతుందే గాని ఫేజు పోయిందా, ఓల్టేజి తగ్గిందా, చలువ తగ్గి మోటారు వేడెక్కిందా అన్న హేతువును చెప్పదు. ఈ మాటలను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. వాటి పక్కన ‘ఎక్కడ కారుతోంది?’, ‘నూనె ఎక్కడికి చేరింది?’, ‘ఎందుకు కాలింది?’ అనే ప్రశ్నలను నిలపడమే అవసరం.

వృత్తుల భాషను శాస్త్రీయంగా సేకరించే సంప్రదాయం తెలుగులో ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటం 1962లో వెలువడింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్ర పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదాలను తెలుగులో అందించింది. ఆ కృషి చలువ గిడ్డంగి, పాలకేంద్రం వంటి కొత్త పని ప్రదేశాలకూ విస్తరించాలి. ఆపరేటరు చేతిలో ఉండే నిర్వహణ పుస్తకం, గోడమీది అమోనియా హెచ్చరిక, లాగ్‌పుస్తకంలోని గడుల శీర్షికలు అతడు తడుముకోకుండా చదవగలిగే తెలుగులో ఉండాలి. వాటిలో ‘సంపీడకం’ కంటే ‘కంప్రెసర్’, ‘ద్రవీకారి’ కంటే ‘కండెన్సర్’ ఉండడమే మేలు. వాయువు కమ్మిన క్షణంలో పదం అర్థం వెతుక్కొనే వ్యవధి ఉండదు.

9. ముగింపు

1. కంప్రెసర్‌లో కనిపించే విరుగుడు, అరుగుదల చాలావరకు ఫలితాలు మాత్రమే. ద్రవం తిరిగి రావడం, కందెన లోపం, అధిక పీడనం, గాలి – మురికి చేరడం, విద్యుత్ లోపాలు వాటికి మూలకారణాలు.

2. సున్నపురాయి ప్రాంతపు కఠినజలం, మే నెల ఎండలు, కోతకాలంలో హఠాత్తుగా పెరిగి తరువాత తగ్గే భారం – ఈ మూడూ మెట్ట ప్రాంత గిడ్డంగులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశాలు.

3. నిజాయితీగా నింపిన లాగ్‌పుస్తకం అన్ని పరికరాల కంటే చవకైన రక్షణ. రక్షణ స్విచ్‌లను పనిచేయకుండా చేయడం అన్నింటికంటే ఖరీదైన పొరపాటు.

4. అమోనియా యంత్రశాలలో యంత్రరక్షణ, మనిషిరక్షణ వేర్వేరు కావు.

5. నిర్వహణకు సంబంధించిన సమాచారం సులభమైన తెలుగులో, వాడుకలోని మాటలతో అందుబాటులోకి రావాలి. కార్మికుల వృత్తిపదజాలాన్ని సేకరించడం భాషాపరిశోధకుల ముందున్న పని.

చందర్లపాడు రైతు గిడ్డంగి రసీదును భద్రంగా దాచుకొని ధర కోసం ఎదురుచూస్తాడు. ఆ కాగితానికి ఉన్న విలువను ప్రతి రెండు గంటలకు ఒకసారి యంత్రశాలలో పీడనమాపకం చూసి అంకె రాసే ఆపరేటరు నిలబెడుతున్నాడు. అతని పనికి తగిన శిక్షణ, సాధనాలు, అతని భాషలో సమాచారం కల్పించడం గిడ్డంగి యజమానులకూ, ప్రభుత్వ శాఖలకూ, విద్యాసంస్థలకూ ఉమ్మడి బాధ్యత.